కోదాడ కాగితం

వాకిట్లో గొంతుక్కూర్చుని కమ్లి పెనం తోముతోంది. అది ఇంట్లో వాడే మామూలు పెనం కాదు. ఒకేసారి నాలుగు జొన్నరొట్టెలు కాలేంత వెడల్పు, ఇద్దరు పట్టుకుంటే గాని లేవనంత బరువు. తెల్లవారుతూనే ఒకసారి బూడిద పెట్టి తోమింది. ఎండెక్కాక చూస్తే అంచున ఎక్కడో ఇంకా మసి ఉన్నట్టనిపించి, మళ్లీ కొబ్బరి పీచు పట్టుకుని కూర్చుంది.

"సాలు తియ్యే. గట్ల తోముతే పెనానికి బొక్కవడ్తది," అంది గడపలో కూర్చున్న అత్త మంగమ్మ.

"సారుకు అంత శుభ్రంగ ఉండాలంట అత్తా."

"సారు రొట్టె సూడనీకి వస్తుండా, పెనంల మొకం సూసుకోనీకి వస్తుండా?"

కమ్లి నవ్వింది గాని చేయి ఆపలేదు.

పోయిన వారం మనం ఈ వాకిట్లోంచి కదిలేటప్పటికి కమ్లి ట్రంకుపెట్టెలో రెండు కాగితాలు చేరాయి. రొట్టెల బండిని సూర్యాపేటలో బస్టాండు పక్క సందులో నిలుపుకోవచ్చని ఒకటి, మిర్యాలగూడలో రైసు మిల్లుల రోడ్డు మీద నిలుపుకోవచ్చని ఇంకొకటి. ఇక మిగిలింది కోదాడ. ఆ మూడూ కలిపి సోమవారం నల్లగొండ రవాణా ఆఫీసులో చూపిస్తేనే, ఈ పాత వ్యాను తిండి అమ్ముకునే బండి అని దాని పుస్తకంలో రాస్తారు. సోమవారం దాటితే మళ్లీ తారీఖు దొరికేది రెండు నెలల తర్వాతే. అప్పటికి మార్కెట్లకు ధాన్యం రావడం ఆగిపోతుంది. హమాలీలు ఎవరి ఊళ్లకు వాళ్లు పోతారు. వేడి రొట్టె కోసం చేయి చాచేవాళ్లే ఉండరు.

ఇవాళ శుక్రవారం. కోదాడ పంచాయతీ శానిటరీ ఇన్‌స్పెక్టరు సత్యానందం బండినీ, వంటమనిషినీ తన కళ్లతో చూస్తే గాని సంతకం పెట్టనన్నాడు. పది గంటల బస్సుకు చివ్వెంల దగ్గర దిగి, తండాకు నడిచి వస్తానని కబురు పంపాడు.

వ్యాను వేపచెట్టు కింద పెళ్లికొడుకులా నిలబడి ఉంది. ఒంటికి ఆకుపచ్చ రంగు వేశారు. పక్కన పొడవాటి తలుపు కోసి, పైకెత్తితే చూరులా నిలబడేటట్టు కర్రలు బిగించారు. దాని కింద ఎర్రటి పెద్ద అక్షరాలు: కమ్లి జొన్నరొట్టెలు. ఇంకా కిందికి, ఒక చివర సూర్యాపేట, ఇంకో చివర మిర్యాలగూడ. మధ్యలో మూడక్షరాలు పట్టేంత ఖాళీ. కాగితం రాకముందే ఊరి పేరు రాస్తే అచ్చిరాదని కమ్లి పెయింటర్ చేయి పట్టుకుని ఆపింది.

ఆ పేరు కంటపడ్డప్పుడల్లా కమ్లి ఒక్క క్షణం ఆగి చూసుకునేది. రేషను కార్డు మీద ఆమె భీమ్లా భార్య. ఓటర్ల జాబితాలోనూ అంతే. సూర్యాపేటలో ఒక ఆడపిల్లల హాస్టల్లో పన్నెండేళ్లు రొట్టెలు కాలిస్తే అక్కడ ఆమె ఆయా. ఆమె పక్కన పొయ్యి దగ్గర పప్పు వండిన జానమ్మ కూడా ఆయానే. వార్డెనమ్మ "ఆయా" అని కేకేస్తే ఇద్దరిలో ఎవరు దగ్గరుంటే వాళ్లు పలికేవారు. ఒకరికి ఒంట్లో బాగలేకపోతే రెండోవాళ్లు రెండు పనులూ చేసి, ఎవరికీ చెప్పకుండా ఆ పూట దాటించేవారు. నిరుడు హాస్టలు మూతబడింది. అదే ఏడాది సారా దుకాణాలూ మూతబడ్డాయి. పని దిగిన మనుషులు నేరుగా తిండి దగ్గరికే వస్తున్నారని కనిపెట్టింది జానమ్మ. అయితే మన తిండే వాళ్ల దగ్గరికి పోతే ఏమైతది అన్నది కమ్లి. అప్పటి నుంచి ఇద్దరూ ఊరూరి ఆఫీసుల మెట్లెక్కి దిగుతూనే ఉన్నారు. మొదటిసారి ఒక కాగితం మీద "యజమాని, వంట చేయు వ్యక్తి: కమ్లి" అని చూసుకున్న రోజు ఆమె ఆ గీత మీద వేలు పెట్టి మూడుసార్లు చదివించుకుంది.

"వస్తుండు, వస్తుండు!" అంటూ జానమ్మ రోడ్డు మీంచే కేక వేసుకుంటూ వచ్చింది. నడిగూడెం మనిషి ఆమె, గట్టిగా మాట్లాడకపోతే మాట్లాడినట్టే ఉండదు. "గొడుగు పట్టుకున్నడు, సంచి పట్టుకున్నడు, ముక్కు మీద రుమాలు పట్టుకున్నడు. కమ్లీ, పెనం ఎక్కియ్యి! ఓ భీమ్లా, జర హారను కొట్టకయ్యా, బెదిరి మళ్లిపోతడు."

భీమ్లా స్టీరింగు దగ్గర్నుంచి తల బయటపెట్టి ఇంకోసారి కొట్టాడు. పదిహేనేళ్లు లారీలు తోలిన మనిషి. ఇప్పుడు ఈ బండికి డ్రైవరు ఆయనే. "కోదాడ సారుకు సలాం కొట్టొద్దా మరి?" అన్నాడు.

సత్యానందం సన్నగా, పొడుగ్గా, చూడగానే బడిపంతులనిపించేలా ఉన్నాడు. వచ్చీ రాగానే మంచినీళ్లు కూడా తాగకుండా బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. మధ్యలో ఆగి, గొడుగు కొనతో ఆ ఖాళీ చోటును చూపించాడు.

"ఇక్కడేంటమ్మా, పన్ను ఊడిన నోరులాగా ఖాళీగా ఉంచారు?"

"అది మీ ఊరి జాగ సారు. మీరు సంతకం పెడితేనే పన్ను మొలుస్తది," అంది కమ్లి.

ఆయన నవ్వలేదు గాని మీసం కదిలింది. బండెక్కాడు. నీళ్ల డ్రమ్ముకు కుళాయి ఉందా అని తిప్పి చూశాడు. కడిగిన నీళ్లు ఎక్కడికి పోతాయన్నాడు. భీమ్లా వంగి పైపు చూపించాడు, దాని కింద మూత ఉన్న బకెట్టు చూపించాడు. పచ్చడి జాడీల మీద ఈగలు వాలకుండా జల్లెడ లాంటి తీగ తలుపు చూసి, "ఇది ఎవరికి తట్టింది?" అన్నాడు.

"హాస్టల్ల పన్నెండేండ్లు ఈగలతోని కొట్లాడినం సారు," అంది జానమ్మ. "గా ముచ్చట మాకు తెల్వదా?"

"బూడిద ఎక్కడ పోస్తారు? రోడ్డు మీదేనా?"

"రోడ్డు మీదెందుకు పోస్త సారు? ఇంటికి తెచ్చుకుంట. పెనం తోమనీకి కావొద్దా?" అంది కమ్లి.

"సరే, ఒక రొట్టె చేసి చూపించమ్మా."

కమ్లి పిండి కలిపింది. అరచేతుల మధ్య ముద్ద తిరుగుతూ తిరుగుతూ వెడల్పయింది. చప్పట్లు కొట్టినట్టు చేతులు ఆడుతుంటే మోచేతుల పైన భుజం దాకా వేసుకున్న తెల్ల గాజులు ఒకదాన్నొకటి తడుతూ మోగాయి. తండాలో వాటిని బలియాలంటారు. రొట్టె పెనం మీద పడింది, పొంగింది, తిరగబడింది. పచ్చిమిరప పచ్చడి వేసి ఇచ్చింది. సత్యానందం ఒక రొట్టె తిన్నాడు. తర్వాత, పరీక్ష కోసమే అన్నట్టు మొహం పెట్టి రెండోది తిన్నాడు. మూడోదానికి జానమ్మ అడగకుండానే పప్పు వేసింది. కళ్ల నుంచి నీళ్లు కారుతుంటే రుమాలుతో తుడుచుకుని, "మా సంతలో ఇది పెడితే మిగతా హోటళ్లవాళ్లు నన్ను బతకనిస్తారా?" అన్నాడు.

జానమ్మ కమ్లిని మోచేత్తో పొడిచింది. భీమ్లా కన్ను కొట్టాడు. అయిపోయిందనుకున్నారు ముగ్గురూ.

సత్యానందం వసారాలో మంచం మీద కూర్చుని సంచిలోంచి కాగితాలు తీశాడు. ముద్ర, సిరా డబ్బా తీసి పక్కన పెట్టుకున్నాడు. సూర్యాపేట కాగితం తిప్పి చూసి పక్కన పెట్టాడు. మిర్యాలగూడది చూశాడు. దానికి గుచ్చిన డాక్టరు సర్టిఫికెట్ దగ్గర ఆగాడు. వంట చేసే మనిషికి అంటురోగాలేమీ లేవని ఒక ప్రైవేటు డాక్టరు రాసిచ్చింది అది. ఆ వారం కమ్లి జ్వరంతో మంచం దిగలేదు. జానమ్మ ఒక్కతే మిర్యాలగూడ పోయి, సాయంత్రానికి నవ్వుకుంటూ పట్టుకొచ్చింది. "నువ్వు రానక్కర్లేదన్నడు, రాసిచ్చిండు," అంటే కమ్లి అదృష్టమనుకుంది.

"గుర్తులు," అని చదివాడు సత్యానందం. "ఎడమ ముంజేతి మీద రూపాయి బిళ్లంత కాలిన మచ్చ. ఏదమ్మా, చెయ్యి చూపించు."

కమ్లి చేయి చాచింది. మణికట్టు నుంచి మోచేతి దాకా పచ్చబొట్లు. చుక్కలు, పువ్వులు, ఒక తేలు. కాలిన మచ్చ లేదు.

"ఇది కుడి చెయ్యి. ఎడమది."

ఎడమ చేతి మీదా పచ్చబొట్లే.

"నాకు కాలిన మచ్చ లేదు సారు," అంది కమ్లి. తప్పు డాక్టరు రాతలో ఉందనే అనుకుంది. అని, ఊరికే అటు తిరిగింది. జానమ్మ కొంగు లాగి ఎడమ చేతి మీద కప్పుకుంటోంది.

హాస్టల్లో పప్పు గుండిగ వొలికిన రోజు కమ్లికి గుర్తే. జానమ్మ ఎడమ చేయి బొబ్బలెక్కితే పసుపు అద్దింది తానే. మచ్చ రూపాయి బిళ్లంత మిగిలింది.

ఎవరూ అడగకముందే జానమ్మే కొంగు వదిలేసింది.

"నా చెయ్యే సారు. నేనే సూపించిన. కమ్లి ఎవరంటే నేనే అన్న."

సత్యానందం కళ్లజోడు తీశాడు. "మరో మనిషి చేతులు చూపించి ఈ మనిషి పేరు రాయించారా? ఇలాంటి కాగితం మీద నేను ముద్ర వెయ్యలేనమ్మా. అంతే కాదు, చూసి కూడా ఊరుకుంటే నా తప్పు. మిర్యాలగూడకి రాయాలి నేను. వాళ్లిచ్చింది కూడా రద్దవుతుంది."

వాకిట్లో కోడి కొక్కొరొకోమంటే భీమ్లా దాన్ని అదిలించాడు.

"ఎందుకు చేసినవ్ అక్కా?" అంది కమ్లి.

"నువ్వు జ్వరంల ఉన్నవ్. డాక్టరేమో వంట చేసే మనిషికి గజ్జి, తామర ఉన్నయో లేవో భుజం దాక సూడాలన్నడు. భుజం దాక అంటే నీ బలియాలు తియ్యాలె. నిన్ను గా మాట ఎట్ల అడుగుత చెప్పు? మీ దాంట్ల మొగుడు సస్తేనే గదా తీసేది." జానమ్మ గొంతు మొదటిసారి తగ్గింది. "హాస్టల్ల నీకు బాగలేనాడు నీ రొట్టెలు నేను కాల్చలేదా? నాకు బాగలేనాడు నా పప్పు నువ్వు ఎసరు పెట్టలేదా? గిది గూడ గంతే అనుకున్న."

"గది వేరు, గిది వేరు."

"నీ కోసమే గదనే..."

"నా కోసమైతే నన్నడగాలె గదా! తీస్తనో తియ్యనో చెప్పాల్సింది నేను. పన్నెండేండ్లు ఎవలు పిలిచినా ఆయా అంటే పలికిన. ఇయ్యాల్టికి నా పేరు మీద ఒక కాగితం ఒస్తే, అందుల చెయ్యి నీదా అక్కా?"

తిట్టినా కొట్టినా నిలబడే జానమ్మ, ఆ మాటకు మాత్రం స్తంభానికి ఆనుకుంది.

సత్యానందం గొంతు సవరించుకున్నాడు. కఠినుడు కాడు ఆయన. రెండు రొట్టెలు కడుపులో ఉన్నాయి, మూడోది సగం ప్లేటులో ఉంది. "చూడండమ్మా, ఒక దారి ఉంది. చేతులు ఈమెవి కాబట్టి పేరు కూడా ఈమెదే రాసేద్దాం. వంట చేసేది జానమ్మ. నేను దిద్ది సంతకం పెడతాను, అయిదు నిమిషాల పని. అప్పుడు కాగితంలో అబద్ధం ఉండదు."

భీమ్లా మంచి మాటే అన్నట్టు తలాడించబోయి, పెళ్లాం మొహం చూసి మానుకున్నాడు.

"నాకొద్దు సారు," అంది జానమ్మ వెంటనే. "నా రొట్టె సూస్తే మీరు ఇండియా పటం అనుకుంటరు. ఒకదిక్కు కశ్మీరు లెక్క, ఒకదిక్కు తోక లెక్క. పెద్దపెద్ద అక్షరాలతోని కమ్లి పేరు రాయించి, లోపల నన్ను నిలబెడితే అది గూడ అబద్ధమే గద!"

నవ్వాపుకోలేక సత్యానందం దగ్గాడు. కమ్లి నవ్వలేదు గాని, జానమ్మ మీద కోపం పట్టు తప్పుతున్నట్టు ఆమెకే తెలిసింది.

"ఇంకో దారి లేదా సారు?"

"ఉంది. నేనే స్వయంగా చూసి కొత్తగా రిపోర్టు రాయొచ్చు. ఆ అధికారం నాకుంది. అప్పుడు ఈ డాక్టరు కాగితం చింపేయొచ్చు, నా రిపోర్టు నకలు మిర్యాలగూడకి పంపితే అక్కడా సరిపోతుంది. కాకపోతే..." అని ఆగాడు. "నేను చూసేదీ భుజం దాకానే. కిందటేడు మా దగ్గర ఒక వంటమనిషికి గాజుల కింద తామర ఉండి, తిన్నవాళ్ల పిల్లలకి కూడా అంటుకుంది. అప్పట్నుంచి నేను ఎవరికీ సడలించలేదు. మా చెల్లెలికైనా సడలించను."

అంతవరకూ గడపలో కదలకుండా కూర్చున్న మంగమ్మ లేచి నిలబడింది.

"తియ్యమంటున్నవా? ఏం సారు, నా కొడుకు రాయి లెక్క ఎదురుంగ కూసోని ఉండంగ, నా కోడలి చేతులు మోడు చెయ్యమంటున్నవా?" తన రెండు చేతులూ పైకెత్తి చూపించింది. మోచేతుల పైన ముడతలు పడిన చర్మం తప్ప ఏమీ లేదు. "ఇగో సూడు. వీళ్ల నాయిన పోయిననాడు తీసిండ్రు. ఇద్దరు పట్టుకున్నరు, ఒకామె తీసింది. గా సప్పుడు నాకింకా ఇనవడ్తది. రొట్టెలమ్ముకునేటందుకు ఇది తియ్యాల్నా?"

సత్యానందం లేచి నిలబడ్డాడు. పెద్దావిడ నిలబడి మాట్లాడుతుంటే కూర్చోవడం ఆయనకు చేతకాలేదు. "నేను తియ్యమని చెప్పట్లేదమ్మా. తీస్తేనే రాస్తానంటున్నాను. తియ్యకపోతే నేను చెడ్డగా అనుకోను. పది నిమిషాల్లో బస్సుకి పోతాను."

"యాడీ, నువ్వు కూసో," అన్నాడు భీమ్లా తల్లితో. బండి మెట్టు మీంచి దిగి వచ్చి నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. "సారూ, నేను సావకుంట తీసే ఉపాయం మీ రూల్ల ఏమన్న ఉన్నదా?"

"మీరు చచ్చినట్టు రూల్లో ఎక్కడా లేదయ్యా."

"ఇంగ ఏంది మరి! కమ్లీ, తియ్యే. ఇగో నేను గీడనే కూసున్న. ఊపిరి పీల్సుకుంటున్న, సూడు. సచ్చినోడు గింత లొల్లి పెడ్తడా?"

జానమ్మ ఫక్కున నవ్వింది. సత్యానందం మొహం పక్కకు తిప్పుకున్నాడు. మంగమ్మ "నీ నోట్ల మన్ను వడ" అని కొడుకును తిట్టి, గోడ వైపు తిరిగి కూర్చుంది.

కమ్లి మాత్రం తన చేతులు చూసుకుంటోంది. పదిహేనో ఏట ఎక్కిన గాజులు. ఆరుద్ర కార్తెలో నారు పీకినప్పుడూ, ముగ్గురు పిల్లల్ని కన్నప్పుడూ, హాస్టలు పొయ్యి ముందు చెమటలు కారినప్పుడూ చేతి మీదే ఉన్నాయి. వాటి కింద తన చర్మం ఏ రంగులో ఉంటుందో ఆమెకే తెలియదు. భయపడాల్సిన చోట ఆమెకు చిత్రంగా తొందర పుట్టింది. సోమవారం కళ్ల ముందు కనబడుతోంది. నల్లగొండ ఆఫీసు గేటు, వరుసలో ఆకుపచ్చ బండి. మంగళవారం కోదాడ సంత. పెనం మీద నాలుగు రొట్టెలు, చుట్టూ చాచిన చేతులు, "కమ్లమ్మా, నాకొకటి, నాకొకటి" అని.

"అక్కా, పల్లీనూనె తే," అంది.

జానమ్మ లోపలికి పరుగెత్తింది.

మొదటిది మోచేతి దగ్గర ఆగింది. సబ్బు నురగ రాసి, నూనె పోసి, వేళ్లు దగ్గరికి మడిచి లాగింది కమ్లి. రాలేదు. జానమ్మ చేయి చాచి, తాకకుండా ఆగింది. ఇందాకటి మాట ఆమెకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

"పట్టు," అంది కమ్లి. "ఇప్పుడు నేనే అడుగుతున్న."

ఇద్దరూ కలిసి లాగారు. టక్కున ఒకటి జారి మంచం కోడుకు తగిలింది. ఆ చప్పుడుకు మంగమ్మ వీపు ఒక్కసారి అదిరింది. రెండోది వచ్చింది. మూడోది వచ్చింది. మరీ బిగుసుకుపోయిన రెంటిని జానమ్మ అడకత్తెరతో కత్తిరించింది. వెనక్కి తిరక్కుండానే మంగమ్మ లెక్కపెడుతున్నట్టు ఆమె వేళ్లు చీరకుచ్చెళ్ల మీద ఒక్కొక్కటిగా మడుచుకుంటున్నాయి. పది, పదకొండు. ఎడమ చేయి అయింది. కుడి చేయి అయింది.

గాజుల కింద చర్మం కొత్త బియ్యంలా తెల్లగా ఉంది. ఎండ చూడని చర్మం. ముట్టుకుంటే తనది కానట్టుంది. ఒక మచ్చ లేదు, ఒక పొక్కు లేదు.

సత్యానందం కళ్లజోడు పెట్టుకుని రెండు చేతులూ వెలుతురుకు తిప్పించి చూశాడు. ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. కూర్చుని రాశాడు. "గుర్తులు: రెండు ముంజేతుల మీద పచ్చబొట్లు, కుడి చేతి మీద తేలు," అని పైకే చదివాడు. డాక్టరు కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి పొయ్యిలో వెయ్యమని జానమ్మ చేతికిచ్చాడు. ముద్ర సిరాలో అద్ది, నోటితో ఆవిరి పట్టి, కాగితం మీద గట్టిగా నొక్కాడు.

"సంతకం చెయ్యగలవా, వేలిముద్రా?"

"సంతకమే," అంది కమ్లి.

క రాసి, మకు గుడి పెట్టి, కింద లవత్తు దగ్గర ఆగి, సాయంకాలం బడిలో నేర్చుకున్నది గుర్తు చేసుకుని, మెల్లగా పూర్తి చేసింది. జానమ్మ ఒక కేక వేసింది. ఆ కేకకు తండాలో నాలుగు గుమ్మాల్లోంచి తలలు బయటికొచ్చాయి. "కోదాడ వచ్చింది! ఓ రంగుల పిలగానికి కబురు పెట్టండ్రి, మధ్యల జాగ నింపాలె!" అని అందరికీ వినబడేలా చెప్పింది. కమ్లిని వాటేసుకుంది. ఇద్దరి చేతులూ నూనెతో జారాయి. జారితే నవ్వు, నవ్వితే ఇంకా జారాయి.

సత్యానందం మిగిలిన సగం రొట్టె కాగితంలో చుట్టించుకున్నాడు. పోతూ పోతూ మంగమ్మ ముందు ఆగి, "తప్పుగా అనుకోకమ్మా, మంగళవారం సంతకి నువ్వు కూడా రా," అన్నాడు. ఆమె గోడ వైపే చూసింది. అయినా ఆయన దండం పెట్టి, గొడుగు విప్పుకుని బస్సు కోసం నడిచాడు.

ఆయన అటు తిరగ్గానే మంగమ్మ ఇటు తిరిగింది. కింద చెల్లాచెదురుగా పడ్డ గాజుల్ని ఏరి, చెంబు నీళ్లలో కడిగి, తన చెంగుతో ఒక్కొక్కటీ తుడిచింది. "దా," అంది కోడలితో. "నూనె ఆరక ముందే దా. మళ్ల ఎక్కియ్యొద్దా? నేను తొడుగుత."

"ఒక్క నిమిషం అత్తా. నీ కొడుక్కు సూపిస్త ముందుగాల." కమ్లి రెండు చేతులతో కాగితం పట్టుకుని భీమ్లా దగ్గరికి వెళ్లింది. "ఇగో సూడు! మూడూ ఒచ్చినయ్. సోమవారం ఎన్ని గంటలకు బయలెల్దాం? చీకట్లనే లేస్తే..."

భీమ్లా కాగితం చూడడం లేదు.

బాసింపట్టు వేసుకుని కూర్చున్న చోటే కూర్చున్నాడు. ఇందాక అందర్నీ నవ్వించిన మనిషి మొహంలో నవ్వు ఎటు పోయిందో పోయింది. అతని చూపు ఆమె చేతుల మీద ఉంది. మోచేతుల పైన, ఏమీ లేని చోట. తనకు తెలిసిన ఇరవై మూడేళ్లలో ఎప్పుడూ చూడని ఆ తెల్లటి చోటును, ఎవరో పరాయి ఆడమనిషిది చూసినట్టు, చూడకూడనిదేదో చూసినట్టు చూస్తున్నాడు.

"ఏందయ్యా?" అంది కమ్లి, నవ్వుతూనే. "సచ్చినోడు లొల్లి పెట్టడంటివి గద. మరి సప్పుడు చెయ్యవేంది?"

ఆ మాట నోట్లోంచి బయటపడ్డాక గాని అది ఎలా వినిపించిందో ఆమెకు తెలియలేదు. వెనక మంగమ్మ చేతిలో గాజు నీళ్ల చెంబులోకి జారింది.

భీమ్లా లేచాడు. ఆమెను తగలకుండా పక్కనుంచి ఇంట్లోకి వెళ్లాడు. కొయ్యకు తగిలించిన చొక్కా తీసి తొడుక్కుంటూ బయటికొచ్చాడు. చివ్వెంల దాకా అయితే బనీను మీదే పోతాడు. చొక్కా వేశాడంటే దూరం పోతున్నట్టు లెక్క.

"భీమ్లా, ఏడికయ్యా?" అంది జానమ్మ. "సోమవారం బండి..."

అతను చెప్పులు వేసుకున్నాడు. వాకిలి దాటాడు. ఎత్తిన తలుపుతో, ఆరీ ఆరని ఎర్ర అక్షరాలతో వేపచెట్టు కింద నిలబడ్డ బండి పక్కగా, దాని వైపు తల తిప్పకుండా నడిచి, తండా మలుపు తిరిగి కనిపించకుండా పోయాడు.